మైకు పట్టాలనుకునే మన పిల్లలకు ఏ బడి?

ఉక్కునగరంలో ఒక శుక్రవారం జుమా నమాజు ముగిశాక ఒక పెద్దమనిషి మమ్మల్ని పక్కకు పిలిచారు. కర్మాగారంలో ఇరవై ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్న కార్మికుడాయన. పదవీ విరమణకు ఎంతో కాలం లేదు. కుమారుడు డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాడు. టీవీలో వార్తలు చదవాలని, రిపోర్టరు కావాలని ఆ అబ్బాయి కోరిక. నగరంలో ఒక శిక్షణ సంస్థవారు ఆరు నెలల యాంకరింగ్ కోర్సు ఉందనీ, చేరినవారికి నూటికి నూరుపాళ్లు ఉద్యోగం ఖాయమనీ చెప్పి మొదటి వాయిదా కట్టించుకున్నారు. రసీదు అడిగితే తర్వాత ఇస్తామన్నారట. రెండో వాయిదా గడువు దగ్గరపడుతోంది. "భాయ్, పత్రిక నడిపేవారు, మీకు తెలియాలి. మావాడు పట్టిన పట్టు విడవడు. ఏ బడిలో వేయమంటారు?" అని అడిగారు.

నిలబడి రెండు మాటల్లో జవాబు చెప్పగలిగే ప్రశ్న కాదది. ఇలాంటి ప్రశ్నే గాజువాక నుంచీ, గుంటూరు నుంచీ, కర్నూలు నుంచీ తల్లిదండ్రులు అడుగుతూనే ఉన్నారు. అందుకే ఈ నెల ఈ పుటలను దానికే కేటాయిస్తున్నాం.

ఆ తండ్రి ఆందోళన వెనుక ఒక ఊరి చరిత్ర ఉంది. 1966లో 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అన్న నినాదంతో రాష్ట్రం రగిలింది. ఆ ఏడాది నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలర్పించారని నేటికీ స్మరించుకుంటాం. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఆ తరువాత రెండు తరాల పాటు ఇక్కడి కుటుంబాలకు, అందులో మన కుటుంబాలకూ, దారి స్పష్టంగా ఉండేది. పదో తరగతి, ఐటీఐ లేదా డిప్లొమా, కర్మాగారంలో ఉద్యోగం, ఉక్కునగరంలో క్వార్టరు. 2021 జనవరి 27న పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్ర మంత్రివర్గ సంఘం ఆమోదం తెలిపిన నాటి నుంచి ఆ దారి మీద నమ్మకం సడలింది. తండ్రి నడిచిన బాటలో కొడుకు నడవలేడని తేలిపోయిన ఇళ్లలో పిల్లలు కొత్త దారులు వెతుక్కుంటున్నారు. అందులో కెమెరా ముందు నిలబడాలన్న కోరిక ఒకటి. దాన్ని సినిమా పిచ్చి అని కొట్టిపారేయడానికి వీల్లేదు.

ఎందుకంటే మైకు ఎవరి చేతిలో ఉంటే కథ ఎలా మారుతుందో ఉక్కునగరవాసులకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. కూర్మన్నపాలెం కూడలిలో కార్మికులు చేసిన దీక్షలను ఒక ఛానలు హక్కుల పోరాటంగా చూపింది, ఇంకొకటి ట్రాఫిక్ ఇబ్బందిగా చూపింది, మరొకటి అసలు చూపనే లేదు. శిబిరం ఒకటే, కెమెరాలు వేరు.

ముస్లిం సమాజానికి ఈ అనుభవం మరింత చేదైనది. 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో తబ్లీగీ జమాఅత్ పేరిట టెలివిజన్ తెరలపై నడిచిన ప్రచారం మన వీధుల్లో పండ్ల బండ్లవారిని, కూరగాయలవారిని ఎలా వెంటాడిందో గుర్తులేనివారెవరు? అదే ఏడాది ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం విదేశీ తబ్లీగీలపై పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారనీ, మాధ్యమాల్లో వారిపై పెద్దయెత్తున దుష్ప్రచారం జరిగిందనీ చెప్పింది. సెప్టెంబరులో సివిల్ సర్వీసుల్లో ముస్లింల ఎంపికను కుట్రగా చిత్రించిన ఒక ఛానలు కార్యక్రమాన్ని సుప్రీంకోర్టు నిలిపివేయవలసి వచ్చింది. కోర్టు తీర్పులు వచ్చాయి, నిజమే. కానీ తీర్పు వార్త తెర అడుగున ఒక్కరోజు స్క్రోలింగ్‌గా పోయింది. ప్రచారం నెల రోజులు హెడ్‌లైన్‌గా నడిచింది.

ఆ హెడ్‌లైను ఎవరు రాస్తారు? ఇక్కడే మన పిల్లలకూ, వారి తల్లిదండ్రులకూ ఒక సంగతి తెలియాలి. తెరమీద కనిపించే యాంకరు రాయడు. ఒక వార్తా ఛానలులో ముందు ఇన్‌పుట్ డెస్క్ ఉంటుంది. జిల్లాల నుంచి రిపోర్టర్లు, కంట్రిబ్యూటర్లు పంపే దృశ్యాలు, బైట్లు అక్కడికి చేరతాయి. తరువాత అవుట్‌పుట్ డెస్క్. ఏ వార్త ముందు, ఏది వెనుక, ఏది అసలు వద్దు అన్న రన్‌డౌన్ తయారయ్యేది అక్కడే. కాపీ ఎడిటరు వాక్యం రాస్తాడు, ఎడిటింగ్ గదిలో దృశ్యాలు కత్తిరిస్తారు, పీసీఆర్‌లో కూర్చున్న ప్రొడ్యూసరు యాంకరు చెవిలో చెబుతూ ఉంటాడు. యాంకరు టెలీప్రాంప్టర్ మీద వచ్చింది చదువుతాడు. ఒక వ్యక్తిని 'నిందితుడు' అనాలా, పేరు పక్కన మతం రాయాలా, మసీదు దృశ్యాన్ని ఏ వార్త వెనుక వాడాలి అన్న నిర్ణయాలన్నీ ఆ బల్లల దగ్గర క్షణాల్లో జరిగిపోతాయి. 2006లో అభివృద్ధి చెందుతున్న సమాజాల అధ్యయన కేంద్రంతో సంబంధమున్న పరిశోధకులు ఢిల్లీలోని 37 హిందీ, ఇంగ్లిషు మాధ్యమ సంస్థల్లో నిర్ణయాధికారం ఉన్న 315 మంది సామాజిక నేపథ్యాన్ని పరిశీలిస్తే, ముస్లింలు మూడు శాతం దగ్గరే తేలారు. జనాభాలో మన వాటా అప్పటికే పదమూడు శాతం పైన. తెలుగు ఛానళ్ల బల్లల దగ్గర మనవారు ఎందరో లెక్కించడానికి వేళ్లు చాలునని మా అనుభవం.

కాబట్టి మా మొదటి సలహా, యాంకరింగ్ మాత్రమే నేర్పే బడి మీద ఆశ పెట్టుకోవద్దని. ముఖం ఆధారంగా దొరికే ఉద్యోగం వయసుతో పోతుంది. రాయడం, దృశ్యం కూర్చడం, వార్తను నిర్ధారించుకోవడం తెలిసినవారు ఒక ఛానలు మూతపడినా ఇంకొక చోట నిలబడతారు. ఛానళ్లు మూతపడటం తెలుగునాట కొత్తేమీ కాదు. జీతాలు నెలల తరబడి నిలిచిపోవడమూ కొత్త కాదు. ఈ రంగంలోకి బిడ్డను పంపే తల్లిదండ్రులకు ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి.

రెండో సంగతి. ఈ దేశంలో జర్నలిస్టు కావడానికి చట్టప్రకారం ఏ డిగ్రీ అవసరం లేదు. వైద్యుడికి, న్యాయవాదికి ఉన్నట్టు పట్టా ఉంటేనే వృత్తి చేయాలన్న నియమం లేదు. మరి బడి దేనికి? తప్పులు చేసి దిద్దుకోవడానికి. ప్రసారం కాని వార్త మీద తప్పు చేస్తే ఎవరి పరువూ పోదు. పాతికమంది సహాధ్యాయులు పదేళ్ల తరువాత పాతిక సంస్థల్లో ఉంటారు. మన ఇళ్లలో ఆ పరిచయాలు పుట్టుకతో రావు కనుక మనకు బడి విలువ మరింత ఎక్కువ. ఇంటర్న్‌షిప్ తలుపు తెరిచేది కూడా బడే.

అందువల్ల బడి చూడబోయే తండ్రి బోర్డు మీద నటుల ఫోటోలు చూడనక్కరలేదు. మధ్యాహ్నం పూట చెప్పాపెట్టకుండా వెళ్లండి. కెమెరాలు బీరువాలో తాళం వేసి ఉన్నాయా, పిల్లల చేతుల్లో ఉన్నాయా? ఎడిటింగ్ కంప్యూటర్లు ఎన్ని, విద్యార్థులు ఎందరు? గత ఏడాది విద్యార్థులు తీసిన ఒక ప్యాకేజీ చూపమని అడగండి. చూపలేకపోతే అక్కడ నేర్పుతున్నదేమీ లేదని అర్థం. నిరుడు చదివినవారిలో ఇద్దరి ఫోన్ నంబర్లు ఇమ్మనండి. పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయం యూజీసీ జాబితాలో ఉందో లేదో మీ అబ్బాయే ఫోనులో అయిదు నిమిషాల్లో చూడగలడు. 'నూటికి నూరుపాళ్లు ఉద్యోగం' అన్న హామీని కాగితం మీద రాసి సంతకం పెట్టమంటే చాలు, చాలామంది అసలు రంగు బయటపడుతుంది.

ఇక ఎక్కడ? దూరపు కొండలు నునుపు. ఉక్కునగరం వాసికి ముందుగా కనబడవలసింది ఇంటి దగ్గరున్న ఆంధ్ర విశ్వకళా పరిషత్తు. 1926లో పుట్టిన ఆ విశ్వవిద్యాలయంలో జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ శాఖ ఉంది. ఏ డిగ్రీ చదివినవారైనా ఏపీ పీజీసెట్ రాసి పీజీలో చేరవచ్చు. ఇంటి నుంచి సిటీ బస్సులో వెళ్లి రావచ్చు. హాస్టలు ఖర్చు ఉండదు. పరికరాల విషయంలో ఢిల్లీ సంస్థలతో పోల్చలేం. ఆ లోటును నగరమే తీరుస్తుంది. ఓడరేవు, నౌకాదళం, ఉక్కు, మత్స్యకారుల జెట్టీలు, ఏజెన్సీ గ్రామాలు - దేశంలో ఏ జర్నలిజం విద్యార్థికైనా ఇంతకన్నా పెద్ద ప్రయోగశాల ఉంటుందా? 1974 ఆగస్టు 10న 'ఈనాడు' దినపత్రిక మొదటి ప్రతి వెలువడింది హైదరాబాదులో కాదు, ఈ విశాఖలోనే అన్నది మన పిల్లలకు ఎంతమందికి తెలుసు?

తెలుగు దినపత్రికలు నడిపే జర్నలిజం పాఠశాలలను మధ్యతరగతి ఇళ్లు తగినంత పట్టించుకోవడం లేదని మా అభిప్రాయం. 'ఈనాడు' పాఠశాల వీటిలో పాతది. 'సాక్షి', 'ఆంధ్రజ్యోతి' కూడా తమవి నడిపాయి. ఇక్కడ ఫీజు కట్టనక్కరలేదు సరికదా, శిక్షణకాలంలో భృతి ఇస్తారు. ప్రవేశ పరీక్షలో తెలుగు, అనువాదం, వర్తమాన వ్యవహారాలు అడుగుతారు. పెద్ద సంఖ్యలో రాస్తారు, కొద్దిమందిని తీసుకుంటారు. శిక్షణ తరువాత నిర్ణీత కాలం అక్కడే పనిచేస్తామన్న ఒప్పందం పెడతారు. దాన్ని పూర్తిగా చదివి, తండ్రి చేత కూడా చదివించి సంతకం చేయాలి. ఈ పాఠశాలల్లో నేర్పేది ఆ సంస్థ పద్ధతి, ఆ సంస్థ భాష. దానికీ ఒక పరిమితి ఉంది. అయినా కాపీ రాయడం అక్కడ నేర్చినంత గట్టిగా ఇంకెక్కడా నేర్వరు. టెలివిజన్‌కు పోయే ముందు పత్రికలో రెండేళ్లు పనిచేసినవారు బల్ల దగ్గర తేలిగ్గా నిలదొక్కుకుంటారు.

హైదరాబాదు వెళ్లగలిగితే ఉస్మానియాలో ఉన్నది దక్షిణాదిలోని పాత జర్నలిజం శాఖల్లో ఒకటి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు పాఠశాలలో కమ్యూనికేషన్ శాఖ ఉంది. 'బోల్ హైదరాబాద్' అనే 90.4 ఎఫ్ఎం సామాజిక రేడియోను ఆ ప్రాంగణం నుంచే నడుపుతారు. విద్యార్థి నిజంగా గాలిలోకి మాట్లాడే అవకాశం అది. గచ్చిబౌలిలోనే 1998లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ జర్నలిజం ఉర్దూ మాధ్యమంలో. మన ఉత్తరాంధ్ర పిల్లలకు ఇక్కడొక చిక్కు ఎదురవుతుంది. పది, ఇంటర్, డిగ్రీల్లో ఎక్కడో ఒకచోట ఉర్దూను పాఠ్యాంశంగానో మాధ్యమంగానో చదివి ఉండాలన్నది ఆ విశ్వవిద్యాలయ నియమం; మదర్సా చదువులకూ గుర్తింపు ఉంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ, బడిలో తెలుగు లేక ఇంగ్లిషు మాధ్యమం చదివి, ఉర్దూ లిపి రాని పిల్లలు మన దగ్గర ఎందరో! వాళ్లకు ఆ తలుపు డిగ్రీ నాటికి మూసుకుపోతుంది. ఏడో తరగతిలో ఉన్న బిడ్డకు సాయంత్రం ఒక గంట ఉర్దూ చదువు చెప్పించడం అప్పుడు చిన్న విషయంగా కనబడుతుంది, పదేళ్ల తరువాత కాదు.

ఢిల్లీ అనగానే మనవారికి జామియా మిల్లియా ఇస్లామియా గుర్తొస్తుంది. అది సహజమే. అక్కడి మాస్ కమ్యూనికేషన్ పరిశోధన కేంద్రాన్ని 1982లో అప్పటి ఉపకులపతి అన్వర్ జమాల్ కిద్వాయి నెలకొల్పారు. నేడు ఆయన పేరుతోనే ఉంది. కెనడా డాక్యుమెంటరీ దర్శకుడు జేమ్స్ బెవరిడ్జ్ తొలిరోజుల్లో పాఠ్యక్రమాన్ని తీర్చిదిద్దారు. బర్ఖా దత్, కబీర్ ఖాన్, కిరణ్ రావు అక్కడ చదివినవారే. 2011లో జామియాను మైనారిటీ విద్యాసంస్థగా జాతీయ మైనారిటీ విద్యాసంస్థల కమిషన్ ప్రకటించాక సగం సీట్లు ముస్లిం అభ్యర్థులకు కేటాయిస్తున్నారు. అందులో మహిళలకు, వెనుకబడిన ముస్లింలకు ప్రత్యేక భాగాలున్నాయి.

ఆ కేంద్రం నుంచి వచ్చిన దానిష్ సిద్దీఖీ గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. ఆర్థికశాస్త్రం చదివి, 2007లో అక్కడ పట్టా తీసుకుని, మొదట టీవీ రిపోర్టరుగా పనిచేశాడు. ఆ పనిలో తృప్తి లేక, ఉద్యోగం వదులుకుని 2010లో రాయిటర్స్‌లో ఇంటర్న్‌గా చేరాడు. అంటే మళ్లీ మొదటి మెట్టు నుంచి. రోహింగ్యా శరణార్థుల చిత్రాలకు 2018లో పులిట్జర్ బహుమతి పొందిన బృందంలో అతడున్నాడు. కొవిడ్ రెండో తరంగంలో శ్మశానాల చిత్రాలు తీసి దేశానికి అద్దం చూపాడు. 2021 జూలై 16న అఫ్ఘానిస్తాన్‌లో స్పిన్ బోల్దక్ వద్ద విధి నిర్వహణలో మరణించాడు. జామియా ఖబ్రస్తాన్‌లోనే అతణ్ణి ఖననం చేశారు. మరుసటి ఏడాది మరణానంతరం రెండో పులిట్జర్ వచ్చింది. ఈ వృత్తి అంటే సూటు, మేకప్పు అనుకునే పిల్లలకు ఈ జీవితం గురించి తల్లిదండ్రులే చెప్పాలి. భయపెట్టడానికి కాదు, ఏం కోరుకుంటున్నారో తెలిసి కోరుకోవడానికి.

అయితే జామియాలో చదివినవారు తిరిగి తెలుగు డెస్కులకు రావడం అరుదు. అక్కడి భాష ఇంగ్లిషు, హిందీ. అక్కడి పరిచయాలు ఢిల్లీ, బొంబాయిల్లో. బిడ్డ డాక్యుమెంటరీ తీయాలనుకుంటే, జాతీయ స్థాయిలో పనిచేయాలనుకుంటే పంపండి. విజయవాడ, హైదరాబాదు ఛానళ్లలో తెలుగు ప్రేక్షకులకు చెప్పాలనుకుంటే ముందు తెలుగునాటనే చదవడం మేలు. ఇదే మాట 1965లో మొదలైన భారతీయ జనసంచార సంస్థకూ వర్తిస్తుంది. దాని ప్రాంగణాల్లో మనకు దగ్గరిది ఒడిశాలోని ఢెంకనాల్. కేంద్ర విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా అర్హత. ఢిల్లీలో ఉర్దూ జర్నలిజం కోర్సు కూడా ఉంది, తెలుగు మాత్రం లేదు. చెన్నైలోని ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం వంటి చోట్ల బోధన గట్టిది, ఫీజు లక్షల్లో. ఉపకార వేతనం దొరక్కుండా, అప్పు చేసి మాత్రం ఎవరూ వెళ్లవద్దు. కొత్త రిపోర్టరు జీతంతో ఆ అప్పు తీరదు.

డబ్బు సంగతి వచ్చింది కనుక రిజర్వేషన్ల మాట. మన రాష్ట్రంలో షేక్ తదితర ముస్లిం వర్గాలకు 2007 చట్టం ప్రకారం బీసీ-ఇ కింద నాలుగు శాతం, దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషాలకు బీసీ-బి వర్తిస్తాయి. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో బీసీ-ఇ కొనసాగుతోంది. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటివారు ఆ పరిధిలోకి రారు. ఆదాయ పరిమితిలో ఉంటే ఆర్థికంగా బలహీన వర్గాల కోటా చూసుకోవాలి. కేంద్ర సంస్థలకు దరఖాస్తు చేసేటప్పుడు రాష్ట్ర జాబితా వేరు, కేంద్ర ఓబీసీ జాబితా వేరు అన్నది మరవకండి. సర్టిఫికెట్ చేతిలో లేక సీటు పోగొట్టుకున్న పిల్లలను చూశాం. పరిశోధక విద్యార్థులకు ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022 డిసెంబరులో కేంద్రం ఆపేసింది. ఉన్న ఆసరాలు తగ్గుతున్న కాలంలో ఉన్నవాటిని గడువులోగా అడిగి తీసుకోవడమైనా నేర్చుకోవాలి కదా!

ఇక భాష. మన పిల్లలు చాలామంది ఇంటర్వ్యూ గది దాకా వెళ్లి వెనుదిరిగేది ఇక్కడే. సినిమాల్లో 'సాయిబు తెలుగు'ను నవ్వులాటగా వాడుకున్న తీరు వాళ్ల మనసుల్లో ఉండిపోయింది. నోరు విప్పితే నవ్వుతారేమోనన్న జంకు. నిజానికి ళ-ల, ణ-న తేడాలు మూడు నెలల సాధనతో కుదురుతాయి. రోజూ పత్రికలో ఒక పుట గట్టిగా చదివి ఫోనులో రికార్డు చేసి వినాలి. అంతకన్నా చవకైన బడి లేదు. పైగా ఉర్దూ వినిపించే ఇంట పుట్టినవారికి ఖ, ఘ, ఫ, జ శబ్దాలు సహజంగా పలుకుతాయి. ఇతరులు కష్టపడి నేర్చుకునే ఒత్తులు వాళ్లకు ఉగ్గుపాలతో వచ్చాయి. అమీన్ సయానీని తొలి రోజుల్లో హిందీ ఆడిషన్‌లో గుజరాతీ, ఇంగ్లిషు యాస ఉందని తిప్పి పంపారు. 1952లో రేడియో సిలోన్‌లో 'బినాకా గీత్‌మాలా' మొదలుపెట్టి ఉపఖండమంతటికీ వినిపించిన గొంతు అదే. తల్లి కుల్సుమ్ సయానీ వయోజనుల కోసం నడిపిన 'రహ్‌బర్' పత్రిక పనిలో చేదోడుగా ఉంటూ సరళమైన భాష నేర్చుకున్నానని ఆయన చెప్పుకునేవారు.

అసలు తెలుగు జనానికి కథ వినిపించడం మనకు కొత్తా? పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ బుర్రకథతో పల్లెపల్లెనూ కూర్చోబెట్టాడు. టీవీ లేని కాలానికి ఆయన కంచుకంఠమే ప్రసార కేంద్రం. తన జీవితకథకు 'పింజారి' అనే పేరు పెట్టుకోవడానికి ఆయన సంకోచించలేదు. తాడికొండలో షేక్ ఖాజా హుస్సేన్‌గా పుట్టిన దేవిప్రియ పత్రికారంగంలో ఏ డెస్కులో కూర్చున్నా ఆ డెస్కు తెలుగు మెరుగుపడింది. 1948 ఆగస్టులో రజాకార్ల చేతుల్లో హతుడైన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ మన చరిత్రలోనివాడే. సొంత సమాజంలోని పాలకవర్గాన్ని ప్రశ్నించి ప్రాణమిచ్చాడు. మైకు పట్టబోయే ముస్లిం యువకుడు ముస్లింల ప్రతినిధిగా మాత్రమే మాట్లాడాలని మనం కోరడం తప్పు. కాలువ గట్టు తెగినా, కర్మాగారంలో ప్రమాదం జరిగినా అతడు చెప్పాలి. వక్ఫ్ భూమిని మనవాడే కాజేస్తే అదీ చెప్పాలి.

రేడియో గురించి మరీ తక్కువ ఆలోచిస్తున్నాం. సిరిపురంలోని విశాఖ ఆకాశవాణి 1963 నుంచి పలుకుతోంది. క్యాజువల్ అనౌన్సర్ల కోసం అప్పుడప్పుడు ప్రకటన ఇచ్చి, రాతపరీక్ష, స్వరపరీక్ష పెడతారు. నెలకు దొరికే డ్యూటీలు కొన్నే, దానితో ఇల్లు గడవదు. చదువుకుంటూ చేయడానికి మాత్రం అంతకన్నా మంచి శిక్షణ లేదు. ప్రైవేటు ఎఫ్ఎం కేంద్రాలకు సొంత వార్తలు ప్రసారం చేసే అనుమతి ఈ దేశంలో లేదు. ఆకాశవాణి వార్తలను మార్చకుండా తిరిగి వినిపించవచ్చు, అంతే. కాబట్టి వార్తల మీద ఆసక్తి ఉన్న బిడ్డ ఆర్జే ఉద్యోగంలో చేరి నిరాశపడకూడదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకూ సామాజిక రేడియో అనుమతి వచ్చింది. జహీరాబాదు దగ్గర మాచునూరులో దళిత మహిళలు 2008 నుంచి 'సంఘం రేడియో' నడుపుతున్నారు. అంతటి విద్యాసంస్థలు, ట్రస్టులు మనకున్నాయి. ఒక్కటైనా ఆ దరఖాస్తు పత్రం తెరిచి చూసిందా?

కేరళలో చూశారు. 2013లో మొదలైన 'మీడియావన్' ఛానలుకు 2022 జనవరిలో భద్రతా కారణాల పేరుతో అనుమతి పొడిగించలేదు. వారు వీధుల్లో అరవలేదు, సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ప్రభుత్వాన్ని విమర్శించడం దేశవ్యతిరేకత కాదనీ, గాలిలోంచి భద్రతా కారణాలు సృష్టించలేరనీ 2023 ఏప్రిల్ 5న న్యాయస్థానం తేల్చింది. ఆ సంస్థ పిల్లలకు శిక్షణ ఇచ్చే అకాడమీని కూడా నడుపుతోంది. మనం మాత్రం ఛానళ్లను తిట్టుకుంటూ రిమోట్ నొక్కుతున్నాం.

ఆడపిల్లల విషయం దాటవేయలేం. కూతురు ఈ కోరిక చెబితే చాలా ఇళ్లలో చర్చ అక్కడితో ముగుస్తుంది. 1984 అక్టోబరు 31 సాయంత్రం ఇందిరాగాంధీ మరణవార్తను దూరదర్శన్‌లో దేశానికి చదివి వినిపించింది సల్మా సుల్తాన్. బ్రిటన్‌లో ఫాతిమా మాంజీ హిజాబ్‌తోనే ఛానల్ 4లో వార్తలు చదువుతోంది. 2016లో ఒక పత్రికా వ్యాఖ్యాత ఆమె వేషం మీద దాడి చేసినప్పుడు ఆమె వృత్తి వదల్లేదు. తండ్రుల భయాలు అర్థం లేనివని మేము అనం. రాత్రి షిఫ్టు తరువాత ఇంటికి చేర్చే వాహనం ఉందా, హాస్టలు ఎంత దూరం, 2013 చట్టం ప్రకారం పనిచేసే చోట వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉందా, అందులో ఉన్నవారెవరు - ఇవన్నీ అడగండి, అడిగి పంపండి. తిరుపతిలో శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్, జర్నలిజం శాఖ ఉంది. మొదటి అడుగుగా ఇంటివారికి అది సమ్మతం కావచ్చు. హిజాబ్ వేసుకునే అమ్మాయికి 'రేడియోకు పో, అక్కడ కనబడవు' అని సలహా ఇచ్చే శ్రేయోభిలాషులు మాత్రం దయచేసి ఆగాలి. ఎక్కడ కనబడాలో ఆమె నిర్ణయించుకుంటుంది.

ధార్మికంగా ఈ వృత్తి తగునా అని సందేహపడేవారితో ఒక్క మాట. వార్త చేరినప్పుడు దాన్ని నిర్ధారించుకోమని సూరా హుజురాత్ ఆరో ఆయత్ విశ్వాసులను ఆదేశిస్తోంది. హదీసు పండితులు ఒక మాటను స్వీకరించే ముందు అది ఎవరి నుంచి ఎవరికి చేరిందో, మధ్యలో ఉన్న ప్రతి వ్యక్తి నమ్మదగినవాడేనా అని శతాబ్దాల పాటు శోధించారు. ఇస్నాద్ అనే ఆ క్రమశిక్షణ ఉన్న సమాజపు బిడ్డలు, వాట్సాప్‌లో వచ్చింది వచ్చినట్టు పంపే కాలంలో, న్యూస్‌రూములకు దూరంగా ఉండటమే వింత.

మసీదు కమిటీలు చేయగలిగిన పని కూడా ఉంది. ఏటా ఇంజినీరింగ్, మెడిసిన్ సీట్లు తెచ్చుకున్నవారిని సన్మానిస్తాం. ఉక్కునగరం, గాజువాక, పాతనగరం కమిటీలు కలిసి జర్నలిజంలో చేరిన ఇద్దరు పేద పిల్లలకు ఒక ఏడాది ఖర్చు భరించవచ్చు. అర్హులైన పేద విద్యార్థులకు జకాత్ ఇవ్వడం గురించి మీ ఊరి ఆలిములను అడగండి. ఒక మంచి మైకు, ఒక పాత ల్యాప్‌టాప్, ఎడిటింగ్ నేర్పే ఒక యువకుడు ఉంటే మదర్సాలో ఆదివారం ఖాళీగా ఉండే గదే స్టూడియో అవుతుంది.

ఆ పెద్దమనిషికి మేము చెప్పింది ఇదే, ఇంతకన్నా కొంచెం పొట్టిగా. అబ్బాయిని కూడా పిలిపించాం. దినపత్రిక ఇచ్చి చదవమంటే మొదట తడబడ్డాడు, రెండో పేరా నుంచి గొంతు కుదిరింది. నిండైన గొంతు. పీజీసెట్‌కు దరఖాస్తు చేస్తానన్నాడు. పత్రికల పాఠశాల పరీక్ష కూడా రాయమన్నాం. తండ్రి మాత్రం మరునాడు ఆ శిక్షణ సంస్థకు వెళ్లి మొదటి వాయిదా రసీదు, 'నూటికి నూరుపాళ్లు' హామీ రెండూ రాతపూర్వకంగా అడిగారు. ఇంతవరకు ఏదీ రాలేదు. రెండో వాయిదా ఆయన కట్టలేదు.